స్కాలర్‌షిప్ చేతికొచ్చేలోపు



ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఎప్‌సెట్ ర్యాంకులూ వచ్చాయి. చర్లలో, దుమ్ముగూడెంలో, పినపాకలో, గుండాలలో, అశ్వారావుపేటలో, ఏ ఇంటికి వెళ్ళినా ఇప్పుడు ఒకటే మాట. పిల్ల పాసైంది. బాగానే పాసైంది. మరి కాలేజీకి డబ్బెక్కణ్ణుంచి తేవాలి?

ఈ మాటకు మన దగ్గర రెండు జవాబులు వినపడతాయి. ఒకటి, "అంతా గవర్నమెంటే కడుతుందంట, మనకేం ఖర్చు లేదు" అని. రెండోది, "మనలాంటోళ్ళకు పెద్ద చదువులెందుకు, పనికి పంపండి" అని. మొదటి మాట నమ్మినవాళ్ళు దసరా కల్లా వడ్డీకి అప్పు తెస్తున్నారు. రెండో మాట నమ్మినవాళ్ళు చదివే పిల్లల్ని మిర్చి కోతకు పంపుతున్నారు. రెండూ వద్దు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. ఆ దారి గురించే ఈ పూట మాట్లాడుకుందాం.

స్కాలర్‌షిప్ అనగానే అందరం అడిగే ప్రశ్న ఒకటుంది. ఎంత వస్తుంది? మంచి ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఎప్పుడు వస్తుంది? ఆ డబ్బు వచ్చేలోపు మన చేతినుంచి ఎంత పెట్టాలి? ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్లే మన పిల్లల చదువులు మధ్యలో ఆగుతున్నాయి. సీటు రాక కాదు. తెలివి లేక కాదు.

తునికాకు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోతాం. ఆకు తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని, యాభై ఆకులకు ఒక కట్ట కడతాం. సాయంత్రం కల్లంలో అప్పగిస్తాం. కల్లేదారు కార్డులో రాస్తాడు. ఆ కట్టలకు కూలి డబ్బు వస్తుంది. బోనస్ కూడా వస్తుంది. కానీ బోనస్ అప్పుడే రాదు. ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఆగి వచ్చింది. అది మన హక్కే. కార్డులో పేరుంటే మనకు రావాల్సిందే. అయినా ఆ బోనస్‌ను నమ్ముకుని ఈ నెల బియ్యం ఎవరైనా అరువు తెస్తారా? తేరు. స్కాలర్‌షిప్ కూడా అలాంటిదే. మీ పేరు లెక్కలో ఉంటే అది మీదే. కానీ కాలేజీ గేటు దగ్గర కట్టాల్సిన డబ్బు అది కాదు.

ఇప్పుడు కాలేజీ ఖర్చును విడదీసి చూద్దాం. జాగ్రత్తగా వినండి. చదువు చెప్పినందుకు కాలేజీ తీసుకునేది ట్యూషన్ ఫీజు. ఉండటానికి, తినడానికి అయ్యేది హాస్టల్ ఖర్చు. ఇక చేరే రోజున, చేరిన మొదటి నెలల్లో కట్టేవి ఉంటాయి. ప్రత్యేక ఫీజు, బస్సు ఫీజు, పరీక్ష ఫీజు, యూనిఫాం, పుస్తకాలు, పోయివచ్చే చార్జీలు. మళ్ళీ చెబుతున్నాను. ట్యూషన్ ఫీజు ఒకటి. తిండి, వసతి ఒకటి. చేరే రోజు ఖర్చు ఒకటి.

తెలంగాణలో ఈపాస్ అని ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. పదో తరగతి తర్వాత చదువులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం దాని ద్వారానే. ట్యూషన్ ఫీజు కోసం ఇచ్చేదాన్ని ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటున్నాం. ఈపాస్‌లో దాని పేరు ఆర్‌టీఎఫ్. తిండి, వసతి కోసం ఇచ్చేది ఎంటీఎఫ్. మనం మామూలుగా స్కాలర్‌షిప్ అనేది దీన్నే. అంటే మొదటి ఖర్చుకు ఆర్‌టీఎఫ్ ఉంది. రెండోదానికి ఎంటీఎఫ్ ఉంది. మూడోదానికి, ఆ చేరే రోజు ఖర్చుకు, ఏదీ రాదనే అనుకోండి. అది మన చేతినుంచే. ఇంట్లో కూర్చుని లెక్క వేయాల్సింది దీన్నే.

ఒక ఉదాహరణ చెబుతాను. చర్ల మండలంలో ఒక కోయ కుటుంబం అనుకుందాం. అమ్మాయి గురుకులంలో ఇంటర్ పూర్తి చేసింది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. ఫీజు ఏడాదికి 70,000 అనుకుందాం. ఇంటి ఆదాయం 2 లక్షల లోపు ఉంది కాబట్టి, ఎస్టీ విద్యార్థిని కాబట్టి, ఆ ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది. ఇంతవరకు బాగుంది.

కానీ చేరే రోజు కాలేజీవాళ్ళు ప్రత్యేక ఫీజు, బస్సు ఫీజు కలిపి 12,000 అడిగారు. సంక్షేమ హాస్టల్లో సీటు దొరకలేదు. ప్రైవేట్ హాస్టల్‌కు అడ్వాన్సు, మొదటి నెల కలిపి 10,000 అయింది. పుస్తకాలు, బట్టలు, బస్సు చార్జీలు 3,000. మొత్తం 25,000. నాన్న దగ్గర లేవు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు వడ్డీ 750. ఏడాదికి 9,000. అసలు తీర్చలేక వడ్డీ మాత్రమే కడుతూ పోతే నాలుగేళ్ళలో 36,000 వడ్డీకే పోతుంది. 25,000 అప్పు అలాగే ఉంటుంది. చూశారా? ఫీజు ప్రభుత్వమే కట్టింది. అయినా ఇల్లు అప్పులో పడింది.

అయితే ఆ అమ్మాయి ఇంజినీరింగ్ చదవకూడదా? తప్పకుండా చదవాలి. కాకపోతే ఆ 25,000 ఎంతకు తగ్గించవచ్చో ముందు చూడాలి. ఎలాగో చెబుతాను.

అన్నిటికంటే పెద్ద సాయం హాస్టల్ సీటు. ఇది డబ్బు రూపంలో కనపడదు కాబట్టి మనం పట్టించుకోం. కాలేజీ పిల్లలుండే సంక్షేమ హాస్టళ్ళలో ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి నెలకు 1,500 ఉండే మెస్ చార్జీని ప్రభుత్వం 2024లో 2,100 చేసింది. పది నెలలు వేసుకోండి. 21,000. పైగా అద్దె లేదు, అడ్వాన్సు లేదు. కాబట్టి కాలేజీ పేరు రాసుకునేటప్పుడే, ఆ ఊళ్ళో మన పిల్లలకు హాస్టల్ ఉందా, అందులో సీట్లున్నాయా అని ఆరా తీయండి. గిరిజన సంక్షేమ శాఖది కావచ్చు, ఎస్సీ, బీసీ, మైనారిటీ శాఖలది కావచ్చు. సీటు ఆర్డరు రాగానే హాస్టల్ దరఖాస్తు పెట్టండి. వారం ఆగితే సీట్లు నిండిపోతాయి.

డిగ్రీ చదువుదామనుకునే పిల్లలకు ఇంకా తేలిక దారి ఉంది. గిరిజన సంక్షేమ గురుకుల సొసైటీ 2017లో డిగ్రీ కాలేజీలు తెరిచింది. మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఖమ్మం, కొత్తగూడెం, దమ్మపేట, మణుగూరుల్లో అవి ఉన్నాయి. చదువు, తిండి, వసతి అన్నీ అక్కడే. అసలు చేతినుంచి పెట్టేది నామమాత్రం. భద్రాచలంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఖమ్మంలో 1956 నుంచి నడుస్తున్న ఎస్‌ఆర్ అండ్ బీజీఎన్‌ఆర్ కాలేజీ ఉంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. ఇంజినీరింగే కావాలంటే కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా పుట్టిన కాలేజీ ఉంది. ఇప్పుడది డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ. ఇంటికి దగ్గర. ప్రభుత్వానిది. హైదరాబాద్‌లో పెద్ద బోర్డు ఉన్న కాలేజీ కంటే ఇది చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడొక హెచ్చరిక. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. స్పాట్ అడ్మిషన్‌కు రాదు. ప్రైవేట్ యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీల విషయంలో కూడా రాదనే అనుకుని అడగండి. ఈ రోజుల్లో కొందరు ఊళ్ళల్లో తిరుగుతున్నారు. "ముందు చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అంటారు. సర్టిఫికెట్లు ఇవ్వమంటారు. ఒక్క మాట అడగండి. "ఇది కన్వీనర్ కోటానా? సీటు అలాట్‌మెంట్ ఆర్డరు చూపించండి." చూపించకపోతే ఒక్క కాగితం కూడా వాళ్ళ చేతికివ్వకండి.

బీసీ, ఈబీసీ కుటుంబాలు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇంజినీరింగ్‌లో ర్యాంకు 10,000 లోపు అయితే ఫీజు మొత్తం వస్తుంది. ర్యాంకు అది దాటితే 35,000 దాకానే. ఇంటర్ ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి కొందరికి మినహాయింపులున్నాయి. అవి అడిగి తెలుసుకోండి. మినహాయింపు లేకపోతే 70,000 ఫీజులో సగం ప్రతి ఏడూ మీదే. నాలుగేళ్ళకు 1,40,000. ఇది ముందు తెలిస్తే ఫీజు తక్కువ ఉన్న కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటారు. తర్వాత తెలిస్తే భూమి కాగితం తాకట్టుకు పోతుంది.

ఇక మన సరిహద్దు మాట. ఇది వేరే జిల్లావాళ్ళకు లేని చిక్కు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఎటపాక, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు అన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. ఆటో ఎక్కితే కొద్దిసేపట్లో రాష్ట్రం మారిపోతుంది. చుట్టరికాలు మారలేదు, సంతలు మారలేదు. కానీ స్కాలర్‌షిప్ మారిపోయింది. ఎటపాక పిల్లవాడికి ఆధార్ ఆంధ్రలో ఉంటుంది. దగ్గర కదా అని భద్రాచలం కాలేజీలో చేరతాడు. ఆంధ్రలో జ్ఞానభూమి పోర్టల్ వేరు. ఇక్కడ ఈపాస్ వేరు. ఇటు అడిగితే నువ్వు అక్కడివాడివంటారు. అటు అడిగితే నీ కాలేజీ మా రాష్ట్రంలో లేదంటారు. పిల్లవాడి తప్పేముంది ఇందులో? ఏమీ లేదు. అయినా నష్టం అతనిదే. అందుకే అవతలి మండలాల తల్లిదండ్రులకు గట్టిగా చెబుతున్నాను. మీ ఇల్లు ఒక రాష్ట్రంలో, కాలేజీ ఇంకో రాష్ట్రంలో ఉంటే, చేరకముందే అడగండి. మీ ప్రాంతపు గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏలో అడగండి. కాలేజీలో అడగండి. నోటిమాటగా కాదు, ఏ నిబంధన ప్రకారం వస్తుందో చూపించమనండి.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో ఉంటున్న గుత్తికోయ కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ళకు కుల ధ్రువపత్రం దగ్గరే దారి మూసుకుపోతోంది. ఇక్కడి బడిలో చదివారు, ఇక్కడి భాష నేర్చారు, పదో తరగతి ఇక్కడే పాసయ్యారు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ లేదు. అది లేకపోతే ఎస్టీ స్కాలర్‌షిప్ లేదు. దీనికి ప్రభుత్వాలు కూర్చుని దారి చూపాలి. చదివిన పిల్లను అక్కడ ఆపేయడం అన్యాయం. అప్పటిదాకా ఆ పిల్లల టీచర్లు కులంతో పని లేని సాయాలు వెతకాలి. అవీ ఉన్నాయి. చెబుతాను.

అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ అమ్మాయిలకు ఏడాదికి 30,000 ఇస్తోంది. పదో తరగతి, ఇంటర్ రెండూ ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ కాలేజీలో చదివి ఉండాలి. డిగ్రీగానీ డిప్లొమాగానీ మొదటి ఏడాదిలో చేరి ఉండాలి. తెలంగాణ అమ్మాయిలు దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బు నేరుగా అమ్మాయి ఖాతాలో పడుతుంది. మన అడవి ఊళ్ళలో ప్రభుత్వ బడుల్లోనే కదా చదివేది! ఇన్నాళ్ళూ అదొక లోటనుకున్నాం. ఇక్కడ అదే అర్హత.

టెక్నికల్ కోర్సులో, అంటే ఇంజినీరింగ్‌లోగానీ పాలిటెక్నిక్‌లోగానీ, చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల దాకా ఉండొచ్చు. ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిలకు కూడా ఇస్తారు. తల్లీ తండ్రీ లేని పిల్లలకు స్వనాథ్ అని, వికలాంగులైన పిల్లలకు సక్షమ్ అని ఇలాంటివే ఉన్నాయి. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి, మన బోర్డులో పైనున్న ఇరవై శాతం మందిలో ఉంటే, కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీలో ఏడాదికి 12,000. ఆదాయం నాలుగున్నర లక్షల దాకా. వీటికి దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. ఫీజు లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఒక ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే సాధారణంగా ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఇవ్వరు. కాబట్టి ఇవి ముఖ్యంగా ఎవరికి? సింగరేణిలో కాంట్రాక్టు పని చేసే ఇల్లుంది. చిన్న కిరాణా కొట్టు నడిపే ఇల్లుంది. ఆదాయం 2 లక్షలు దాటింది, ఈపాస్‌కు అర్హత పోయింది. అంతమాత్రాన వాళ్ళేం ధనవంతులు కాలేదు. అలాంటివాళ్ళు ఈ దారి చూడాలి.

ఐఐటీ, ఎన్ఐటీల మాట కూడా చెప్పాలి. మన గురుకులాల పిల్లలకు అక్కడ సీట్లొస్తున్నాయి. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఎస్టీ పిల్లలకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. ఆదాయం 6 లక్షల దాకా ఉండొచ్చు. పుస్తకాలకు, కంప్యూటర్‌కు కూడా అందులో ఇస్తారు. కానీ మళ్ళీ అదే ప్రశ్న. ఎప్పుడొస్తుంది? అక్కడ సీటు ఖాయం చేసుకోవడానికే కొద్ది రోజుల్లో వేలల్లో కట్టాలి. హాస్టల్, మెస్ వేరు. 2024లో మన రాష్ట్రంలోనే ఒక గిరిజన అమ్మాయికి ఐఐటీలో సీటొచ్చింది. డబ్బు కట్టలేక మేకలు కాస్తూ ఉండిపోయింది. ఆ సంగతి పేపర్లలో వచ్చాక ప్రభుత్వం సాయం చేసింది. మంచిదే. కానీ పేపర్లో రాని పిల్లల సంగతేంటి? అందుకే అలాంటి సీటొస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. సీటు కాగితం తీసుకుని భద్రాచలం ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్ దగ్గరికి, లేదా కలెక్టర్ దగ్గరికి వెళ్ళండి. అడగడం నామోషీ కాదు.

ఇక కాగితాలు. ఈ పని చిన్నదిగా కనపడుతుంది. కానీ నేను పిల్లల దరఖాస్తులు చూసినంతవరకు ఎక్కువ మందికి డబ్బు ఆగింది ఇక్కడే. మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో సహా రాసి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఉండదు. లేదా మడకం అన్నదానికి ఒకచోట ఒక ఇంగ్లిష్ స్పెల్లింగ్, ఇంకోచోట ఇంకోటి. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంటుంది, మెమోలో వేరే ఉంటుంది. మనిషి ఒక్కరే. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంట్లో ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి. తేడా ఉంటే కాలేజీలు తెరిచేలోపే ఆధార్ సెంటర్‌లో మెమో ప్రకారం మార్పించండి.

రెండోది బ్యాంకు ఖాతా. పిల్ల పేరుమీద ఉండాలి. ఆధార్ లింకై ఉండాలి. రెండేళ్ళు వాడకపోతే ఖాతా నిద్రపోవచ్చు, డబ్బు వెనక్కి పోవచ్చు. మన జిల్లాల్లో చాలామందికి ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకులో ఖాతాలుండేవి. 2025 జనవరి ఒకటి నుంచి ఆ బ్యాంకు మన వైపు శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాసుబుక్కులో ఉన్న ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూసి దరఖాస్తులో రాయకండి. బ్యాంకుకు వెళ్ళి కొత్త పాసుబుక్కు అడగండి.

మూడోది ఆదాయ ధ్రువపత్రం. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇస్తారు. పాతది పనికిరాదు, ఇప్పటిది కావాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పరిగెత్తితే అక్కడ క్యూ ఉంటుంది, సర్వర్ పనిచేయదు. ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఇంకొక్క మాట. మన అడ్మిషన్లూ గోదావరి వరదలూ ఒకే నెలలో వస్తాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరదల్లో బియ్యం, బట్టలతోపాటు సర్టిఫికెట్లు తడిసినవాళ్ళెందరో. మెమోలు ఎండలో రాళ్ళు పెట్టి ఆరబెట్టుకున్న ఇళ్ళున్నాయి. ఒరిజినల్స్ మందపాటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఇంట్లో ఎత్తున ఉంచండి. ఫోన్‌లో డిజిలాకర్ పెట్టుకుని అందులో కూడా తెచ్చిపెట్టుకోండి. కాలేజీలో చేరినప్పుడు ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులిచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తీసుకోవచ్చు. కాలేజీలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు బకాయిలు పేరుకుపోయాయి. 2025లో ప్రైవేట్ కాలేజీలు బంద్ కూడా చేశాయి. కాలేజీలకు జీతాలివ్వడం కష్టమైన మాట నిజమే. కానీ ఆ భారం చివరికి పిల్లల మీద పడుతోంది. చదువు పూర్తయిన పిల్లతో, "రీయింబర్స్‌మెంట్ రాలేదు, నువ్వే కట్టి సర్టిఫికెట్ తీసుకెళ్ళు" అంటున్నారు. ఉద్యోగం వచ్చిన పిల్ల సర్టిఫికెట్ లేక చేరలేకపోతుంది. ప్రభుత్వం సమయానికి కట్టాలి. ఇది ఎవరి దయా కాదు. ఎస్సీ పిల్లలకు పదో తరగతి తర్వాత స్కాలర్‌షిప్ ఇవ్వడం ఈ దేశంలో 1944లోనే మొదలైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నెలల తరబడి ఎదురుచూపేంటని గట్టిగా అడగాల్సిందే.

ఇప్పుడు అప్పు. అప్పు చివర్లో రావాలి. స్కాలర్‌షిప్ చూశాక, హాస్టల్ చూశాక, ఫీజు తక్కువ ఉన్న కాలేజీ చూశాక, ఇంకా లోటు ఉంటేనే అప్పు. అప్పుడు కూడా ఎవరి దగ్గరన్నది ముఖ్యం. మొదట అమ్మ పొదుపు సంఘం. సంఘంలోగానీ స్త్రీనిధిలోగానీ తెస్తే వడ్డీ బయటివాళ్ళకంటే ఎంతో తక్కువ. ఇందాకటి 25,000 లాంటి చిన్న మొత్తానికి అది చాలు. రూపాయి వడ్డీ పడినా ఏడాదికి 3,000. మూడు రూపాయల వడ్డీకి అది 9,000. తేడా 6,000. మన ఇంట్లో ఆరు వేలంటే ఎన్ని రోజుల కూలో మీకు తెలుసు.

పెద్ద మొత్తం కావాలంటే బ్యాంకు విద్యారుణం. 4 లక్షల దాకా భూమి, బంగారం ఏదీ తాకట్టు అడగకూడదు. చదువు అయిపోయాక ఇంకో ఏడాది దాకా కంతులు కట్టక్కర్లేదు. కేంద్రం 2024 నవంబర్‌లో పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. దేశంలో ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థల్లో సీటొచ్చినవాళ్ళకు తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా అప్పిస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల దాకా అప్పు మీద, చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. అయితే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవాళ్ళకు ఆ రాయితీ రాదు. పైగా ఆ జాబితాలో లేని కాలేజీకి ఈ పథకం లేదు. జాబితా చూసుకోకుండా ఏజెంటు మాట విని సంతకం పెట్టకండి. బ్యాంకు మేనేజర్ కాదంటే, ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసివ్వమనండి.

మొత్తం లెక్క ఇంకొక్కసారి. ట్యూషన్ ఫీజు ఎంత, దానికి ఆర్‌టీఎఫ్ ఎంత వస్తుంది? హాస్టల్ సీటుందా? చేరే రోజు చేతినుంచి ఎంత? ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. చదువు రాని అమ్మకు కూడా వినిపించండి. అప్పు తీర్చేది ఆవిడే కదా.

ఇక చేరిన తర్వాత. మొదటి ఏడాది దరఖాస్తు పెడితే నాలుగేళ్ళూ వస్తుందనుకుంటారు. రాదు. ప్రతి ఏడూ ఈపాస్‌లో రెన్యువల్ చేయాలి. హాజరు 75 శాతం ఉండాలి. ఈ హాజరు దగ్గరే మన పిల్లలు దెబ్బ తింటున్నారు. జనవరి నుంచి మార్చి దాకా మిర్చి కోతలు. ఆ తర్వాత తునికాకు. ఇంటికి రమ్మని కబురొస్తుంది. పిల్ల నెల రోజులు వచ్చేస్తుంది. కూలి ఒక పది వేలు వస్తుందనుకుందాం. హాజరు తగ్గి 70,000 ఫీజు ఆగుతుంది. నాన్నలూ, అమ్మలూ, ఆ కబురు పంపేముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒంట్లో బాగాలేక తప్పనిసరిగా రావాల్సొస్తే, కాలేజీలో ముందే లెటర్ ఇచ్చి, డాక్టర్ కాగితం దాచి పెట్టమనండి.

దరఖాస్తు ఎక్కడైనా ఆగితే ఈపాస్‌లో అప్లికేషన్ నంబరు కొట్టి చూడండి. కాలేజీ దగ్గర ఆగిందా, సంక్షేమ శాఖ దగ్గర ఆగిందా, ట్రెజరీలో ఉందా అన్నది అందులో కనపడుతుంది. ఆ పేజీ ప్రింటు తీయించుకోండి. భద్రాచలం ఐటీడీఏలో సోమవారం గిరిజన దర్బార్ జరుగుతుంది. ఆ ప్రింటు, పిల్ల ఆధార్ జిరాక్సు, కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం, ఈ మూడూ తీసుకుని వెళ్ళండి. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. గిరిజనేతరులైతే కలెక్టరేట్లో ప్రజావాణి కూడా సోమవారమే. వీలైతే పిల్లను కూడా వెంట తీసుకెళ్ళండి. వచ్చే ఏడాది తన పని తనే చేసుకుంటుంది.